రెండు గుప్పెళ్ల జొన్నలు: నా మొదటి నైవేద్యం

ఈ వారం మన పాఠం భగవద్గీత మూడో అధ్యాయం, 13వ శ్లోకం. యజ్ఞంలో అర్పించగా మిగిలినది తినేవాళ్ల పాపాలు పోతాయని, తమ కోసమే వండుకునేవాళ్లు పాపాన్నే తింటారని కృష్ణుడు అంటాడు. రూమ్‌లో ఒక్కరమే నూడుల్స్ చేసుకునే మనకి కాస్త భయం వేసే మాటే! దీని అర్థం నాకు పదేళ్లప్పుడు వినుకొండలో, మా ఇంటి పొయ్యి దగ్గర తెలిసింది.

సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయిన వార్త రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. కొండ మీద రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. ఆషాఢ మాసంలో తొలి ఏకాదశికి అక్కడ తిరునాళ్ల జరుగుతుంది. ఆ రోజు పేలాల పిండి తినడం మన తెలుగిళ్ల ఆచారం.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. పెట్టిన పత్తి గింజ మొలవలేదు. "ఈసారి పండగా లేదు, ఏమీ లేదు" అని అమ్మ కూలికి వెళ్లిపోయింది. ఇంట్లో నేనూ, చూపు సరిగా ఆనని నాయనమ్మా. డబ్బాలో జొన్నలు రెండు గుప్పెళ్లే ఉన్నాయి.

"నాయనమ్మా, నేను చేస్తా, నువ్వు చెప్పు" అన్నా. పత్తి కట్టెతో పొయ్యి వెలిగించి, మంట ఎగదోసి ఒక గుప్పెడు వేశా. మాడిపోయాయి. ఏడుపొచ్చింది. "ఏడవమాకే. మంట తగ్గించి, మూకుడు మీద చెవి పెట్టినట్టు విను. చిటపటలు ఆగంగానే దించెయ్" అంది. రెండో గుప్పెడు తెల్లగా పేలింది. రోట్లో దంచి, బెల్లం కలిపి, రాముడి పటం ముందు పెట్టా.

సాయంత్రం అమ్మా నాన్నా వచ్చారు. నాయనమ్మకి, తమ్ముడికి, వాళ్లిద్దరికీ తలా కాస్త పెట్టా. "బెల్లం తగ్గిందే" అంటూనే నాన్న చెయ్యి నాకేశాడు. ఆ నెల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి. నా వాటా ఉంచుకోవడం మర్చిపోయానని అప్పుడు చూసుకున్నా. అమ్మ తన అరచేతిలోది సగం నా నోట్లో పెట్టింది.

గీత చెప్పిన 'మిగిలినది' అంటే ఆ సగమే ఫ్రెండ్స్. ఒక్కరే ఉంటే వండుకోవద్దని కాదు. తినేముందు ఒక మెతుకు దేవుడికి, ఒక ముద్ద ఇంకొకరికి అనుకుంటే చాలు, అది యజ్ఞమే. ఆకైనా, పువ్వైనా భక్తితో ఇస్తే తీసుకుంటానని తొమ్మిదో అధ్యాయంలో స్వామే అన్నాడు కదా!

ఈ వారం మీ పని: ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని పేలాల పిండి చేయించండి. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్లు ఉండాలి. కప్పు పిండికి ముప్పావు కప్పు బెల్లం తురుము, చిటికెడు యాలకుల పొడి. వడ్డించేది కూడా వాళ్ల చేతే చేయించండి. అసలు రుచి వాళ్లకి తెలిసేది అక్కడే.

శుభం!