ప్రెయిరీ డేగ – మిడతల మందు

కాల్గరీ నగరం దాటి ఈశాన్యంగా హన్నా పట్టణం వైపు ప్రయాణించే వారికి దారి పొడవునా కనిపించేవి రెండే: నేల, ఆకాశం. ఒక వేసవిలో మా కుటుంబం ఆ దారిన పోతుండగా, గడ్డి కోస్తున్న యంత్రం వెనుక ఒక పెద్ద పక్షి నేలపై అడుగులు వేస్తూ నడవడం చూచాము. “నాన్నా, డేగ కోడిలాగా నడుస్తున్నదేమిటి?” అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకబోయి, చివరకు నా వృత్తియైన రసాయనశాస్త్రం వద్దకే వచ్చి చేరాను.

పక్షి పరిచయం

ఆ పక్షి పేరు స్వెయిన్‌సన్ డేగ. ఆంగ్లేయ ప్రకృతి శాస్త్రజ్ఞుడు విలియం స్వెయిన్‌సన్ పేరు మీదుగా, నెపోలియన్ సోదరుని కుమారుడైన చార్లెస్ లూసియన్ బోనపార్ట్ 1838లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన పల్లెలలో కోడిపిల్లలను తన్నుకుపోయే గద్దలు ఏ కుటుంబానికి చెందినవో, ఇది కూడా ఆ కుటుంబానిదే. పొడవు సుమారు అర మీటరు. చాచిన రెక్కల వెడల్పు 1.2 నుండి 1.35 మీటర్లు, బరువు మాత్రం ఒక కిలోకు అటూ ఇటూ. రొమ్ముపై ముదురు గోధుమరంగు పట్టీ, క్రింది నుండి చూచినప్పుడు రెక్క ముందు భాగం తెలుపుగా, వెనుక ఈకలు నల్లగా ఉండడం దీని ఆనవాళ్ళు.

ఏప్రిల్ చివరి రోజులలో ఆల్బర్టా, సస్కాచెవాన్ మైదానాలకు ఈ డేగలు చేరుకుంటాయి. ఒంటరి చెట్టు మీదనో, గాలి తాకిడికి అడ్డుగా రైతులు నాటిన చెట్ల వరుసలలోనో పుల్లలతో గూడు కట్టి, సాధారణంగా రెండు మూడు గుడ్లు పెడతాయి. సుమారు ఐదు వారాలు పొదిగిన పిదప పిల్లలు బయటపడతాయి. మరో ఆరు వారాలకు అవి ఎగరగలుగుతాయి. పిల్లలను సాకే రోజులలో తల్లిదండ్రుల వేట ఎక్కువగా పంటకు చేటు చేసే నేల ఉడుతలు, ఎలుకలే. పిల్లలు ఎదిగి గూడు విడిచిన పిమ్మట ఈ డేగ మిడతల వేటకు మారుతుంది. యంత్రం గడ్డిని కదిలించినప్పుడు మిడతలు పైకి లేస్తాయి. డేగ వెనుకనే నడుస్తూ వాటిని ఏరుకుంటుంది. మా అమ్మాయి చూచినది అదే.

పదివేల కిలోమీటర్లు

సెప్టెంబరులో ఈ పక్షులు గుంపులు కట్టి దక్షిణానికి బయలుదేరుతాయి. గమ్యం అర్జెంటీనాలోని పంపా గడ్డి మైదానాలు. దూరం ఒకవైపుకే సుమారు 10,000 కిలోమీటర్లు. కాలం దాదాపు రెండు నెలలు. ఇంత దూరం రెక్కలు ఆడిస్తూ పోవడం అసాధ్యం. ఎండకు కాగిన నేల నుండి లేచే వేడిగాలిలో సుడులు తిరుగుతూ పైకెక్కి, అక్కడి నుండి జారుడుగా మరో వేడిగాలి వరకు పోతాయి. సముద్రం మీద అటువంటి గాలి లేవదు కనుక మెక్సికో, పనామాల మీదుగా భూమార్గాన్నే అనుసరిస్తాయి. ఇక్కడ మనం మంచు తవ్వుకునే నెలలలో అక్కడ ఎండాకాలం. అక్కడ వీటి ఆహారం దాదాపు పూర్తిగా మిడతలు, తూనీగలు.

పంపాలలో జరిగినది

1990లలో అమెరికా జీవశాస్త్రజ్ఞుడు బ్రయన్ వుడ్‌బ్రిడ్జ్, ఉత్తర కాలిఫోర్నియాలో గూడు కట్టిన కొన్ని డేగలకు ఉపగ్రహ సంకేత పరికరాలు అమర్చి, అవి శీతకాలం గడిపే చోటును కనుగొన్నాడు. 1995 ఆరంభంలో ఆ చోటికి వెళ్ళిన శాస్త్రజ్ఞులకు పొలాలలో చనిపోయిన డేగలు వందల సంఖ్యలో కనిపించాయి. మరుసటి ఏడు 1995–96 కాలంలో లెక్కకు వచ్చిన మృత పక్షులే 5,000 పైచిలుకు. మొత్తం సుమారు 20,000 వరకు మరణించి ఉంటాయని అంచనా. కెనడా డేగలు కూడా శీతకాలం గడిపేది ఆ మైదానాలలోనే.

కారణం మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు. లూసర్న్ గడ్డి, పొద్దుతిరుగుడు పొలాలలో మిడతల నివారణకు రైతులు దానిని చల్లారు. డేగలు ఆ మిడతలను తిన్నాయి. కొన్నింటిపై మందు నేరుగా పడింది.

ఎలా చంపుతుంది?

నాడి నుండి కండరానికి ఆజ్ఞను మోసుకుపోయే పదార్థం ఎసిటైల్‌కోలిన్. ఆజ్ఞ చేరిన తక్షణమే దానిని విడగొట్టేందుకు శరీరంలో ఒక ఎంజైము ఉన్నది. మోనోక్రోటోఫాస్ అణువులోని భాస్వరపు భాగం ఆ ఎంజైముకు అతుక్కొని దాని పని ఆపివేస్తుంది. ఇక ఆజ్ఞ ఆగదు. నొక్కిన గంట మీట ఇరుక్కుపోయి గంట మోగుతూనే ఉన్నట్లు కండరాలు కొట్టుకొని, అలసి, చివరకు ఊపిరి నిలిచిపోతుంది. మృత పక్షుల మెదడులో ఆ ఎంజైము పని మందగించి ఉండడమే శాస్త్రజ్ఞులకు దొరికిన ముఖ్య సాక్ష్యాలలో ఒకటి. పక్షులను చంపడానికి శరీర బరువులో కిలోకు కొద్ది మిల్లీగ్రాములు చాలు.

గమనించవలసినది ఏమంటే, ఈ ఎంజైము మిడతలోనూ, డేగలోనూ, మనిషిలోనూ ఉన్నది. మిడతను మాత్రమే గుర్తుపట్టి చంపే తెలివి ఆ అణువుకు లేదు.

మన చేల సంగతి

ఇదంతా పరాయి దేశపు సంగతి కాదు. 1990లలో గుంటూరు, వరంగల్లు పత్తిచేలలో ఈ మందు సర్వసాధారణం. మా నాన్నగారు చేతులకు తొడుగు లేకుండా దానిని నీళ్ళలో కలపడం, సాయంత్రానికి తల తిరుగుతున్నదని అరుగు మీద పడుకోవడం నాకు గుర్తున్నది. ఎండదెబ్బ అనుకొని అమ్మ మజ్జిగ ఇచ్చేది. డాక్టరేటుకు చదువుతున్న రోజులలో ఆ అణువు నిర్మాణాన్ని కాగితం మీద గీచినప్పుడు గాని ఆ తలతిరుగుడు అర్థం నాకు బోధపడలేదు. భారతదేశంలో కూరగాయలపై దీని వాడకాన్ని 2005లో నిషేధించారు. అయినప్పటికీ 2013లో బీహారులోని ఒక గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలను బలిగొన్నది ఈ మందే.

అర్జెంటీనాలో మాత్రం కథ మలుపు తిరిగింది. ప్రభుత్వం, శాస్త్రజ్ఞులు, మందు తయారీదారులు కలిసి కూర్చున్నారు. 1996లో మిడతలపై దాని వాడకాన్ని ఆపారు. రైతులకు బోధన జరిపారు. 1999లో పూర్తిగా నిషేధించారు. ఆ పిమ్మట అంతటి సామూహిక మరణాలు మళ్ళీ కనిపించలేదు. మిడతల బెడద ఎదుర్కొన్న రైతును దోషిగా నిలబెట్టక, ఆయన చేతికి వేరే ఉపాయం అందించినందువల్లనే ఇది సాధ్యమైనది.

ఆగస్టు మాసాంతంలో కాల్గరీ, రెజైనా పరిసరాలలోని పొలాల వైపు పిల్లలను తీసుకువెళ్ళండి. యంత్రం వెనుక నడిచే డేగను చూపించండి. అది ఏ దేశానికి పోయి రాబోతున్నదో చెప్పండి. వీలైతే, మన ఊళ్ళో తాతగారు ఏ మందు చల్లేవారో కూడా చెప్పండి.