అప్పు ఉన్న ఇంటిని అమ్ముట – విక్రేతలకు, మధ్యవర్తులకు కొన్ని సూచనలు

గ్రామాలలోను, మండల కేంద్రాలలోను ఇల్లు అమ్మదలచినవారు సాధారణంగా "ఎంత ధర పలుకుతుంది?" అన్న ప్రశ్నతో ప్రారంభిస్తారు. మధ్యవర్తి కూడ అదే ప్రశ్నకు జవాబు చెప్పి పని మొదలుపెడతాడు. నిజానికి మొదట అడుగవలసిన ప్రశ్న వేరు. "ఇంటి కాగితాలు ఎక్కడ ఉన్నవి? వాటిపై ఎవరికి ఎంత బాకీ ఉన్నది?" ఈ ప్రశ్నకు సరియైన జవాబు లేకుండా బయానా పుచ్చుకొన్న బేరాలే పిమ్మట తగాదాలుగా మారుతున్నవి.

బ్యాంకు తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మరాదని చాలామంది భావిస్తారు. అందువలన అప్పు సంగతి దాచిపెట్టి బేరం కుదుర్చుకొంటారు. ఇది పొరపాటు. బ్యాంకుకు తెలియజేసి, బాకీని లెక్క ప్రకారం తీర్చి, అటువంటి ఇంటిని చట్టబద్ధంగా అమ్ముకొనవచ్చును. నష్టం కలిగించేది అప్పు కాదు, దానిని దాచుట. ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాము.

ఒక ఉదాహరణ

ఒక ఋణగ్రహీత తన ఇంటిని 18,00,000 రూపాయలకు అమ్మదలచినాడనుకొందాము. గృహ ఋణంలో ఇంకను 6,40,000 రూపాయల బాకీ ఉన్నది. తన చేతికి 11,60,000 రూపాయలు వచ్చునని లెక్క వేసికొని, ఆ మొత్తాన్ని నమ్ముకొని కుమార్తె వివాహానికి ముహూర్తం పెట్టుకొన్నాడు.

కాని అయిదేండ్ల క్రితం తీసికొన్న ట్రాక్టరు ఋణానికి కూడ అవే ఇంటి పత్రాలను హామీగా చూపినట్లు అతనికి గుర్తులేదు. అందులో 2,10,000 రూపాయల బాకీ ఉన్నది. రెండు బాకీలు తీరితే తప్ప పత్రాలు బయటికి రావు. రెండింటి మొత్తం 8,50,000 రూపాయలు. మిగిలేది 9,50,000 రూపాయలు. మధ్యవర్తికి నూటికి ఒక రూపాయి చొప్పున 18,000 రూపాయలు పోగా చేతికి వచ్చేది 9,32,000 రూపాయలు మాత్రమే. తాను ఊహించినదానికన్న 2,28,000 రూపాయలు తక్కువ. ఈ సంగతి బయానా పుచ్చుకొనక ముందు తెలిసిన ఎడల ధర నిర్ణయంలోనో, వివాహపు ఖర్చులోనో సవరించుకొనవచ్చును. తరువాత తెలిసినచో కొత్త అప్పు తప్ప దారి ఉండదు.

మొదటి మెట్టు: బ్యాంకు నుండి లిఖితపూర్వకమైన లెక్క

కావున ఇల్లు అమ్మదలచినవారు ముందుగా తమ శాఖకు వెళ్ళి ఒక దరఖాస్తు ఇవ్వవలెను. అందులో మూడు విషయాలు కోరవలెను.

1. ఫలానా తేదీ వరకు వడ్డీతో సహా చెల్లించవలసిన మొత్తం ఎంత? ఆపైన రోజుకు ఎంత వడ్డీ కలుస్తుంది?
2. ఇవే పత్రాలు మరి ఏ ఇతర ఋణానికైనను, ఇతరుల ఋణానికి ఇచ్చిన జామీనుకైనను హామీగా ఉన్నవా?
3. బ్యాంకు వద్ద ఉన్న పత్రాల జాబితా ఏమిటి? అసలు దస్తావేజుతోపాటు పాత లింకు డాక్యుమెంట్లు కూడ ఉన్నవా?

మారే వడ్డీ రేటుపై వ్యక్తులు తీసికొన్న గృహ ఋణాన్ని గడువుకు ముందు తీర్చినందుకు బ్యాంకులు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది. ఋణం పూర్తిగా తీరిన పిమ్మట 30 రోజులలోగా అసలు పత్రాలను తిరిగి ఇవ్వవలెనని, తన వలన ఆలస్యమైనచో రోజుకు 5,000 రూపాయల చొప్పున ఋణగ్రహీతకు పరిహారం చెల్లించవలెనని 2023 సెప్టెంబరు 13న మరొక ఆదేశం వెలువడింది. 2023 డిసెంబరు 1వ తేదీ నుండి పత్రాలు విడుదల కావలసిన ఖాతాలన్నింటికి ఇది వర్తిస్తుంది. విక్రేతలు ఈ హక్కును తెలిసికొని ఉండవలెను.

కంతులు తప్పినవారికి ఒక హెచ్చరిక

కంతులు చెల్లించలేక ఇల్లు అమ్మదలచినవారు ఆలస్యం చేయరాదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం మొండి బాకీగా మారిన ఖాతాపై బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది. ఆ నోటీసు అందిన పిమ్మట బ్యాంకు ముందస్తు లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని అమ్ముటకు వీలు లేదు. బాకీ మొత్తం చెల్లించి ఇంటిని విడిపించుకొనే అవకాశం కూడ వేలం ప్రకటన వెలువడేవరకే ఉంటుంది. వేలంలో కన్న యజమాని తానే కుదుర్చుకొన్న బేరంలో మంచి ధర లభించే అవకాశం ఎక్కువ. నోటీసు రాకముందే శాఖాధికారిని కలిసి, "ఇల్లు అమ్మి బాకీ తీర్చగలను" అని వ్రాసి ఇచ్చుట ఉత్తమమైన మార్గం.

రెండవ మెట్టు: హక్కును సరిచూసుకొనుట

తనదని అనుభవిస్తున్న ఇల్లు అమ్ముకొనుటకు పనికివచ్చే హక్కు కలిగి ఉన్నదో లేదో విక్రేత స్వయంగా పరీక్షించుకొనవలెను. ముఖ్యంగా ఈ క్రింది విషయాలు గమనించదగినవి.

వారసుల సంతకాలు: పిత్రార్జితమైన ఇంటిలో కుమార్తెలకు కూడ వాటా ఉన్నది. మన రాష్ట్రంలో అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు కల్పించే సవరణ 1985 సెప్టెంబరు 5 నుండే అమలులోకి వచ్చింది. దేశమంతటికి వర్తించే హిందూ వారసత్వ చట్టపు సవరణ 2005 సెప్టెంబరు 9న అమలైనది. పెండ్లి చేసి పంపిన అక్కచెల్లెండ్ర సంతకం అక్కరలేదనుకొనుట నేడు ప్రమాదకరం. బేరానికి ముందే వారిని పిలిచి మాట్లాడుట కుటుంబానికి మర్యాద, కొనేవారికి రక్ష.

గ్రామకంఠంలోని ఇల్లు: ఇటువంటి ఇండ్లకు తరచు దస్తావేజులు ఉండవు. పంచాయతీ ఇంటి పన్ను రసీదు అనుభవానికి సాక్ష్యమే గాని, దానంతట అది యాజమాన్య హక్కును ఇవ్వదు. గ్రామాల నివాస స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న ప్రారంభించింది. మీ గ్రామంలో ఆ పని జరిగినదా అని పంచాయతీ కార్యాలయంలో విచారించండి.

ప్రభుత్వం ఇచ్చిన స్థలం: పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన అసైన్డు స్థలాల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాతి కాలంలో కొన్ని సడలింపులు వచ్చినవి. మీ స్థలానికి అవి వర్తించునా అన్నది తహశీల్దారు కార్యాలయం నుండి వ్రాతపూర్వకంగా తెలిసికొనవలెను. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షను క్రింద నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో కూడ చూడవలెను.

కొలత: స్థలం విస్తీర్ణం విషయంలో మాట తేడా రాకూడదు. ఒక సెంటు 48.4 చదరపు గజాలు. ఒక గుంట 121 చదరపు గజాలు. అంకణం మాత్రం అన్ని ప్రాంతాలలో ఒకటి కాదు. కొన్నిచోట్ల 72 చదరపు అడుగులు, మరికొన్నిచోట్ల 36 చదరపు అడుగులు. కావున ఒప్పందంలో చదరపు గజాలలోనే వ్రాసికొని, నాలుగు హద్దులు పేర్కొనవలెను.

ఈ.సి. ఒక్కటే చాలదు

సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చే ఈ.సి.లో రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. హక్కు పత్రాలను బ్యాంకు వద్ద ఉంచి చేసిన తాకట్టుకు రిజిస్టరు అయిన పత్రం లేనిచో అది ఈ.సి.లో కనిపించకపోవచ్చును. అందుచేత "ఈ.సి. శుభ్రంగా ఉన్నది" అన్న ఒక్క మాటతో కొనేవారిని ఒప్పించుట న్యాయం కాదు. బ్యాంకు తాకట్టులను నమోదు చేసే సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31న పని ప్రారంభించింది. కొద్ది రుసుము చెల్లించి ఎవరైనను అందులో వెదకవచ్చును. దాచిన అప్పు నేడు ఎక్కువ కాలం దాగదు. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసిన, కొనేవారికి సులభంగా తెలియరాని ముఖ్యమైన లోపాలను వెల్లడించుట విక్రేత బాధ్యత.

మూడవ మెట్టు: ఒప్పందం, బయానా

అమ్మకపు ఒప్పందంలో అప్పు సంగతి స్పష్టంగా వ్రాయవలెను. మొత్తం ధర, బయానా, బ్యాంకుకు చెల్లవలసిన బాకీ, విక్రేతకు చేరవలసిన మిగులు, రిజిస్ట్రేషన్ గడువు, గడువు తప్పినచో బయానా ఏమగును అన్నవి అందులో ఉండవలెను.

బయానాను రొక్కంగా పుచ్చుకొనే అలవాటు మానుకొనవలెను. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు లేదా అంతకు మించిన మొత్తాన్ని రొక్కంగా స్వీకరించరాదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 జూన్ 1 నుండి నిబంధన వచ్చింది. అతిక్రమించినచో పుచ్చుకొన్నంత మొత్తం జరిమానాగా పడవచ్చును. ఈ భారం పుచ్చుకొన్న విక్రేతపైననే ఉంటుంది.

ఇక కొనేవారికి ఒక సహజమైన భయం ఉంటుంది. "పత్రాలు చేతికి రాకముందే డబ్బు ఇచ్చుట ఎట్లు?" దీనికి సులభమైన పద్ధతి కలదు. బాకీ మొత్తాన్ని విక్రేత చేతికి ఇవ్వకుండా, అతని ఋణ ఖాతాకే డిమాండు డ్రాఫ్టు ద్వారా గాని, బ్యాంకు బదిలీ ద్వారా గాని చెల్లించవలెను. బాకీ జమ అయిన వెంటనే పత్రాలు విడుదల చేయగలమని శాఖ నుండి ముందుగా లేఖ తీసికొనవలెను. కొనేవారు మరొక బ్యాంకులో ఋణం తీసికొంటున్నచో ఈ వ్యవహారం రెండు బ్యాంకుల మధ్యనే జరుగవచ్చును. బాకీ తీరిన పిమ్మట బాకీ లేదను ధ్రువపత్రం పొంది, తాకట్టు పత్రం రిజిస్టరు అయి ఉన్నచో దాని రద్దును కూడ రిజిస్టరు చేయించి, ఆపైన అమ్మకపు దస్తావేజు వ్రాయించవలెను.

ఇక్కడ మరొక మాట. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఒప్పంద పత్రం వ్రాసి ఇచ్చి "అమ్మినట్లే" అనుకొనే వ్యవహారాలు యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో తీర్పు చెప్పింది. రిజిస్టరు అయిన అమ్మకపు దస్తావేజు ఒక్కటే సరియైన దారి.

మధ్యవర్తుల బాధ్యత

మంచి మధ్యవర్తి ఇరుపక్షాలకు కాలమును, ఖర్చును ఆదా చేయగలడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అతని బాధ్యతలను వివరించింది. ఒప్పందం వేరుగా లేనిచో, అప్పగించిన పని పూర్తి అయిన పిమ్మటనే అతనికి ప్రతిఫలం చెల్లవలెను. పనిలో దుష్ప్రవర్తనకు పాల్పడినచో, ఆ భాగానికి సంబంధించిన ప్రతిఫలంపై అతనికి హక్కు ఉండదు. యజమానికి తెలియకుండ తానే లోపాయికారిగా కొని లాభం పొందినచో, ఆ లాభాన్ని యజమాని కోరవచ్చును.

కావున మధ్యవర్తులు మూడు నియమాలు పాటించుట మేలు. తాను ఎవరి తరఫున పనిచేస్తున్నదీ, ఎవరి వద్ద ఎంత కమీషను తీసికొంటున్నదీ ఇరువురికి ముందే చెప్పవలెను. బయానా సొమ్మును తన వద్ద ఉంచుకొనరాదు. బ్యాంకు లెక్క చూడకుండ ఇంటిని ఎవరికీ చూపరాదు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టరు అయిన లేఅవుట్లలోని ప్లాట్లు, అపార్టుమెంట్లలోని ఫ్లాట్లు అమ్మించే ఏజెంట్లు ఆ సంస్థ వద్ద తప్పక నమోదు కావలెను. ఒక యజమాని తన పాత ఇంటిని అమ్ముకొనుటకు ఆ నమోదు నిబంధన లేకున్నను, నిజాయితీ నియమం అంతటా ఒక్కటే.

పన్ను విషయం

గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకపు లాభంపై పన్ను లేదన్న కారణంగా గ్రామంలోని ఇంటికి కూడ పన్ను ఉండదని కొందరు తలుస్తారు. ఇంటికి ఆ మినహాయింపు లేదు. అయితే 24 నెలలకు మించి తన వద్ద ఉన్న ఇంటిని అమ్మగా వచ్చిన లాభంతో రెండేండ్లలోగా మరొక ఇల్లు కొన్నను, మూడేండ్లలోగా కట్టించుకొన్నను పన్ను నుండి ఉపశమనం పొందే అవకాశం ఉన్నది. బేరానికి ముందే పన్ను సలహాదారును సంప్రదించుట మంచిది.

సరిచూసుకొనవలసిన పట్టిక

• బ్యాంకు ఇచ్చిన బాకీ లెక్క, పత్రాల జాబితా చేతిలో ఉన్నవా?
• అవే పత్రాలపై వేరే ఋణం, జామీను ఏదైన ఉన్నదా?
• వారసులందరు, ముఖ్యంగా కుమార్తెలు, సమ్మతించినారా?
• ఈ.సి., సెర్సాయ్ వివరాలు, నిషేధిత జాబితా చూచినారా?
• ఇంటి పన్ను, విద్యుత్ బిల్లు, నీటి పన్ను బాకీలు తీరినవా?
• ఒప్పందంలో అప్పు సంగతి, చెల్లింపు పద్ధతి, గడువు వ్రాసినారా?
• మధ్యవర్తి కమీషను ఎంత, ఎప్పుడు అన్నది కాగితంపై ఉన్నదా?

పై ప్రశ్నలలో ఏ ఒక్కదానికైనను జవాబు "లేదు" అయినచో బయానా పుచ్చుకొనుటకు ఇంకను సమయం కాలేదని గ్రహించండి. కాగితాలు సిద్ధం చేసికొనుటకు నెల రోజులు పట్టవచ్చును. ఆ నెల రోజుల ఓపిక, ఏండ్ల తరబడి కోర్టు మెట్లు ఎక్కే అవస్థను తప్పిస్తుంది. సందేహం కలిగినప్పుడు మీ ఋణ ఖాతా ఉన్న శాఖకు వెళ్ళి అడగండి. అమ్మకం సంగతి బ్యాంకుకు మొదట తెలియుట మీకే మేలు.