పాత ఇంటి పనికి వెళ్తున్నారా? ముందు అటక చూడండి

సికింద్రాబాద్‌లో మారేడ్‌పల్లిలోనో, రెజిమెంటల్ బజార్‌లోనో, బొల్లారంలోనో ఒక పాత ఇంటి మరమ్మతు మీ చేతికొచ్చిందనుకుందాం. మీరు సైట్ ఇంజనీరు కావచ్చు, మేస్త్రీ కావచ్చు, నిన్నమొన్న చదువు ముగించిన ఆర్కిటెక్టూ కావచ్చు. పని మొదలవగానే కూలీలు అటక దులుపుతారు. పాత కాగితాలన్నీ గోనెసంచిలో కుక్కి కబాడీవాడికి కిలోల లెక్కన తూకం వేస్తారు. ఆ సంచిని ఆపడమే మీ మొదటి పని.

దస్తావేజును ఎలాగూ అందరూ భద్రంగా దాస్తారు. కానీ అందులో ఉండేది హద్దులు, ధర. వరండా మొదట్నుంచీ ఉందా, తర్వాత కలిపారా అన్నది అందులో దొరకదు. సున్నం కొన్న బిల్లులో దొరకొచ్చు, వైరింగు ఎస్టిమేటులో దొరకొచ్చు. అద్దె రశీదు, పెళ్లి శుభలేఖ, దుకాణం క్యాలెండరు, కరపత్రం, అన్నీ పనికొచ్చేవే. నన్నడిగితే ఈ చిల్లర కాగితాలే ఎక్కువ నమ్మదగ్గవి. చరిత్రలో నిలవాలని ఎవరూ వాటిని రాయలేదు.

తేదీ చిరిగిపోయిన అద్దె రశీదు ఒకటి దొరికిందనుకోండి. పారేయకండి, నిదానంగా చదవండి. అద్దె రూపాయల్లో, అణాల్లో రాసుంటే చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసలంటే 1957కూ 1964కూ మధ్యది. చిరునామా కింద ఆరంకెల పిన్ కోడ్ అచ్చయి ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కానేకాదు. సికింద్రాబాద్‌లో ఇంకో చిక్కుంది. బ్రిటిష్ కంటోన్మెంటు మూలంగా ఇక్కడ రెండు రకాల రూపాయలు చెలామణి అయ్యాయి. అంకె పక్కన ఓ.ఎస్. అని ఉంటే నిజాం ఉస్మానియా సిక్కా, బి.జి. అని ఉంటే బ్రిటిష్ రూపాయి. సుమారుగా ఏడు సిక్కా రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు. ఈ తేడా చూడకపోతే ఖర్చుల లెక్కంతా తప్పుతుంది. ఫసలీ సంవత్సరం కనిపిస్తే 590 కలపండి: నిజాం రాజ్యంలో ఫసలీ 1340 అంటే 1930 అక్టోబరులో మొదలైన ఏడాది.

వీధి పేరును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయినా, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయినా జనం పాత పేర్లే చాన్నాళ్లు వాడారు. జేమ్స్ స్ట్రీట్ పేరు ఎంఎంటీఎస్ స్టేషనుకు ఇవాళ్టికీ ఉంది. అచ్చు ఫారాలతోనూ జాగ్రత్త. ఒకసారి వేయించిన రశీదు పుస్తకాన్ని ఏళ్లతరబడి వాడేవారు. అచ్చును బట్టి ఒక ఏడాది, చేతిరాతను బట్టి ఇంకో ఏడాది తేలితే, రశీదు రాసిన కాలం రెండోదే.

కాగితాన్ని కదిలించేముందు ఉన్నచోటే ఫోటో తీయండి. ఏ గది, ఏ పెట్టె, దేని పక్కన ఉందో రాసుకోండి. కాగితం వెనక రాయాల్సివస్తే మెత్తటి పెన్సిలే వాడండి, పెన్ను వద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసేయండి. చిరుగుకు సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్లకు పసుపు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. అది చేశాక కాగితాన్ని క్షేమంగా వెనక్కి తీసే దారి లేదు. మడత పెళుసుగా ఉంటే బలవంతంగా విప్పకండి. స్కానింగు 300 డీపీఐ చాలు, సన్న అక్షరాలకు 600 పెట్టండి.

ఇల్లు కంటోన్మెంటు పరిధిలో ఉంటే పాత బిల్లుల మీది బంగ్లా నంబరు విడిగా రాసిపెట్టుకోండి. డిఫెన్స్ ఎస్టేట్స్ వారి జనరల్ ల్యాండ్ రిజిస్టరులో వివరాలు వెతకడానికి అది అక్కరకొస్తుంది.

ఈ కాగితాలు మీవి కావు, ఇంటివారివి. ఫోటోలు తీయడానికి, మీ రిపోర్టులో వాడటానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇంటివారు అక్కర్లేదంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లోనో, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ హైదరాబాద్ చాప్టర్‌లోనో అడిగి చూడండి. ఎవరికిచ్చినా ముందు జాబితా రెండు ప్రతులు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, ఒకటి పని ఫైల్లో ఉంచండి.