ఇల్లే ఆఫీసైతే ఇల్లాలి పని పెరగాలా?

ప్రశ్న: మాది దాచేపల్లి. వచ్చే నెల నుంచి మావారు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. అత్తమామలు, ఇద్దరు పిల్లలు, మిరప బస్తాలు.. అన్నీ మూడు గదుల్లోనే. ఎలా సర్దుకోవాలి?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎన్నో తెలుగు ఇళ్లు ఈ ఇబ్బంది పడ్డాయి. ముందే ఆలోచించడం మంచిదైంది.

మిరప బస్తాలు లేని గదినే ఎంచుకోండి. ఆ ఘాటుకు దగ్గు ఆగదు, మీటింగు సాగదు. మీ దగ్గర్లోని రెంటచింతల ఎండలకు పెట్టింది పేరు కదా, పడమటి ఎండ పడే గది వద్దు. కరెంటు పోయినా రౌటర్ ఆగకుండా చిన్న బ్యాటరీ పెట్టించండి. మంచం మీద కాకుండా బల్ల, కుర్చీ వాడమనండి. స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తులో ఉండాలి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోకి 20 సెకన్లు చూస్తే కళ్లకు విశ్రాంతి.

తలుపు వేసి ఉంటే డ్యూటీలో ఉన్నట్టేనని అత్తమామలకు మీవారే చెప్పాలి, మీరు కాదు. గంటగంటకూ టీ అందించే బాధ్యత మీ మీద వేసుకోకండి. ప్రయాణం తప్పి మిగిలిన సమయంలో పిల్లలను బడికి దించడం, కూరగాయలు తేవడం ఆయన వంతు. ఈ మాటలన్నీ మొదటి రోజుకు ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.