పాఠం 7: కృతజ్ఞత తెలిపే ఇంగ్లీషు మాటలు – ఎక్కడ అనాలి, ఎక్కడ ఆగి చూసుకోవాలి



యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే తెలుగువారి కోసం ఈ పాఠం. మీరు జగిత్యాల నుంచి వచ్చినా, కడప నుంచి వచ్చినా, కోనసీమ నుంచి వచ్చినా ఇక్కడ ఫోర్‌మన్‌తోను, క్లినిక్‌లో నర్సుతోను, ఆఫీసు క్లర్కుతోను కొంత ఇంగ్లీషు మాట్లాడక తప్పదు.

మన ఊళ్లో ఎవరైనా మేలు చేస్తే "నీ మేలు మర్చిపోనన్నా" అంటాం. పెద్దవాళ్లైతే "చల్లగుండు బిడ్డా" అంటారు. ఇంట్లోవాళ్లకు థ్యాంక్స్ చెబితే "నేనేమన్నా పరాయివాణ్ణా" అని నొచ్చుకుంటారు. ఇక్కడ పద్ధతి వేరు. నీళ్ల సీసా అందించినా, లిఫ్టు తలుపు పట్టుకున్నా థ్యాంక్యూ అంటారు. మనం అనకపోతే ఎదుటివాడు పొగరు అనుకోవచ్చు. కాబట్టి ఈ మాట ధారాళంగా వాడండి. అయితే ఇదే మాట కాగితం మీద కనబడినప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. ఆ సంగతి 5వ భాగంలో ఉంది, తప్పక చదవండి.

1. మామూలు మాటలు

థ్యాంక్యూ: ఎవరికైనా, ఎప్పుడైనా చెల్లుతుంది.
థ్యాంక్స్: తోటి పనివాళ్లతో, రూమ్మేట్లతో అనేది.
థ్యాంక్యూ వెరీ మచ్: పెద్ద సాయానికి.

"థ్యాంక్స్ యూ" అని రెండూ కలిపి అనకండి, అది తప్పు. మన "అండీ", "గారు" లాంటివి ఇంగ్లీషులో లేవు. ఆ మర్యాద రావాలంటే చివర సర్, మేడమ్ చేర్చండి: థ్యాంక్యూ సర్, థ్యాంక్యూ మేడమ్. తోటివాడికి థ్యాంక్యూ బ్రదర్. ఆసుపత్రిలో థ్యాంక్యూ డాక్టర్, నర్సుకు థ్యాంక్యూ సిస్టర్.

ఈ మాటను అందరూ ఒకేలా పలకరు. ఫిలిప్పీన్స్ వాళ్ల నోట "టెంక్యూ" అనీ, ఈజిప్టు వాళ్ల నోట "సెంక్యూ" అనీ వినపడవచ్చు. రెండూ ఒకటే. అరబ్బులతో "శుక్రన్" అంటే సంతోషిస్తారు. దానికి వాళ్లిచ్చే జవాబు "అఫ్వన్".

2. ఎందుకు చెబుతున్నారో కలిపి చెప్పడం

వట్టి థ్యాంక్యూ కంటే కారణం కూడా చెబితే మాట నిలుస్తుంది. థ్యాంక్యూ తర్వాత "ఫర్" పెట్టి, చేసిన సాయం చెప్పండి.

థ్యాంక్యూ ఫర్ ది వాటర్: నీళ్లిచ్చినందుకు.
థ్యాంక్యూ ఫర్ యువర్ హెల్ప్: మీ సాయానికి.
థ్యాంక్యూ ఫర్ హెల్పింగ్ మీ: నాకు సాయం చేసినందుకు.
థ్యాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ: నాకు చెప్పినందుకు.

మనవాళ్లు ఎక్కువగా "థ్యాంక్యూ ఫర్ హెల్ప్ మీ" అంటారు. హెల్ప్ కాదు, "హెల్పింగ్" అనాలి. తప్పుగా అన్నా అర్థమవుతుంది, భయపడి మానేయకండి.

3. ఎదుటివాళ్లు మీకు థ్యాంక్యూ చెబితే

జవాబు: "యూ ఆర్ వెల్‌కమ్" లేదా "నో ప్రాబ్లమ్". మన దేశంలో "మెన్షన్ నాట్" అనేది అలవాటు. ఇతర దేశాలవారికి అది అర్థం కాకపోవచ్చు. దాని బదులు "డోంట్ మెన్షన్ ఇట్" అనండి.

4. వద్దు అని చెప్పడం

"టీ?" అని అడిగితే వట్టి థ్యాంక్యూ అనకండి. కావాలో వద్దో ఎదుటివాడికి తెలియదు. కావాలంటే "యెస్, ప్లీజ్", వద్దంటే "నో, థ్యాంక్యూ". మన దగ్గర మొహమాటానికి ఒకసారి వద్దంటాం, వాళ్లు బతిమాలితే తీసుకుంటాం. ఇక్కడ చాలామంది రెండోసారి అడగరు.

తల ఊపడం కూడా అంతే. మనం వింటున్నామని తల అటూ ఇటూ ఆడిస్తాం, ఫోర్‌మన్ దాన్ని ఒప్పుకున్నట్టు తీసుకోవచ్చు. అర్థం కాకపోతే నోటితో చెప్పండి: "సారీ సర్, ఐ డోంట్ అండర్‌స్టాండ్." ఎత్తులో పనిచేసే చోట, కరెంటు పని దగ్గర ఇది ప్రాణానికి సంబంధించిన మాట.

5. కాగితం మీద "థ్యాంక్స్"

రసీదులు, వోచర్ల మీద "రిసీవ్డ్ విత్ థ్యాంక్స్" అని అచ్చు వేసి ఉంటుంది. చూడటానికి మర్యాద మాటలా ఉంటుంది గానీ దాని అర్థం "ఈ డబ్బు నాకు ముట్టింది" అని. దాని కింద సంతకం గాని, వేలిముద్ర గాని పెడితే డబ్బు తీసుకున్నట్టు సాక్ష్యం మీరే ఇచ్చినట్టు. తర్వాత ముట్టలేదని చెప్పినా నిరూపించడం కష్టం.

ఇలాంటి మాటలే మరి రెండు:
ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్: లెక్క పూర్తిగా తేలిపోయింది.
ఐ హావ్ నో క్లెయిమ్: ఇక నాకు రావలసింది ఏమీ లేదు.

అలాగే "మీకు రుణపడి ఉంటాను" అనే మన మాటను ఇంగ్లీషులో పెట్టి "ఐ ఓ యూ" అని కాగితం మీద రాయకండి. అది అప్పు ఉన్నానని ఒప్పుకోవడం అవుతుంది. థ్యాంక్యూ వెరీ మచ్ చాలు.

ఊరికి వెళ్లేముందు ఆఫీసులో ఇలా జరిగిందనుకోండి:

క్లర్కు: సైన్ హియర్. (ఇక్కడ సంతకం పెట్టు.)
మీరు: థ్యాంక్యూ సర్. వాట్ ఈజ్ దిస్ పేపర్? (ఇది ఏం కాగితం?)
క్లర్కు: ఫైనల్ సెటిల్‌మెంట్. మనీ టుమారో. (డబ్బు రేపు.)
మీరు: థ్యాంక్యూ సర్. ఐ విల్ సైన్ వెన్ ఐ గెట్ ది మనీ. (డబ్బు అందినప్పుడు సంతకం పెడతాను.)
క్లర్కు: ఎవ్రీబడీ సైన్డ్. (అందరూ పెట్టారు.)
మీరు: సారీ సర్. మనీ ఫస్ట్, ప్లీజ్. (ముందు డబ్బు ఇప్పించండి.)

చూశారా, గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు, సంతకమూ పెట్టలేదు. ఈ నాలుగు మాటలు రూములో ఒకరితో ఒకరు పదిసార్లు అనుకుని నోటికి తెచ్చుకోండి. సంతకం పెట్టాక కాపీ అడగండి: "కెన్ ఐ హావ్ ఎ కాపీ, ప్లీజ్?" ఇవ్వకపోతే ఫోనులో ఫోటో తీసుకోండి.

ఒత్తిడి వల్ల డబ్బు అందకముందే సంతకం పెట్టవలసి వస్తే, దాని పక్కనే తేదీ వేసి "డబ్బు ఇంకా అందలేదు" అని రాయండి. తెలుగులో రాసినా ఫరవాలేదు.

6. జీతం దయ కాదు

జీతం పడినప్పుడు థ్యాంక్యూ అనడంలో తప్పు లేదు. కాని అది మీ చెమటకు వచ్చిన డబ్బు. తక్కువ పడితే అడగడం కృతజ్ఞత లేకపోవడం కాదు: "థ్యాంక్యూ సర్, బట్ మై ఓవర్‌టైమ్ ఈజ్ నాట్ హియర్." (నా ఓవర్‌టైమ్ ఇందులో లేదు.)

ఇక్కడి 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, కాంట్రాక్టు ముగిసిన తేదీ నుంచి 14 రోజుల లోపల యజమాని జీతం, ఇతర బకాయిలు చెల్లించాలి. మీ పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోరాదు. "వీసా పెట్టించాను, పాస్‌పోర్టు నా దగ్గర ఉండనీ" అని ఎవరన్నా అంటే ఇలా అడగండి: "థ్యాంక్యూ ఫర్ ది వీసా, సర్. ప్లీజ్ గివ్ మై పాస్‌పోర్ట్ బ్యాక్." ఇళ్లలో పనిచేసేవారికి 2022లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం కూడా గుర్తింపు పత్రాలు మీ దగ్గరే ఉండాలి.

అడిగినా పని జరగకపోతే అబుదాబిలోని రాయబార కార్యాలయాన్ని గాని, దుబాయ్‌లోని కాన్సులేట్‌ను గాని, ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాన్ని గాని సంప్రదించగలరు.

అభ్యాసం

(అ) డ్రైవరు మిమ్మల్ని క్లినిక్ దాకా దింపాడు. ఏమంటారు?
(ఆ) రూమ్మేటు సిగరెట్టు ఇవ్వబోయాడు, మీకు వద్దు. ఏమంటారు?
(ఇ) "రిసీవ్డ్ విత్ థ్యాంక్స్" అని ఉన్న కాగితం ఇచ్చారు. 1,200 దిర్హాములు అని రాసి ఉంది, చేతికి 900 ఇచ్చారు. ఏమంటారు?

జవాబులు: (అ) థ్యాంక్యూ ఫర్ యువర్ హెల్ప్, బ్రదర్. (ఆ) నో, థ్యాంక్యూ. (ఇ) సారీ సర్, దిస్ ఈజ్ నైన్ హండ్రెడ్. ప్లీజ్ చెక్. లెక్క సరిపోయేదాకా సంతకం పెట్టవద్దు.