తిట్లకు భయపడి కొత్తవాళ్లు పారిపోతున్నారా?

ప్రశ్న: జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే మేం కొందరం బీజీఎంఐ అనే ఫోన్ ఆట ఆడేందుకు క్లాన్ (జట్టు) పెట్టాం. నాంపల్లి, కోఠి కుర్రాళ్లు చేరారు. తిట్లు పడలేక కొత్తవాళ్లు వారంలోపే వెళ్లిపోతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, అబిడ్స్

జవాబు: ముందు మీ క్లాన్‌లో అందరికన్నా బాగా ఆడేవాడితో మాట్లాడండి. తిట్లు అతని దగ్గరే మొదలవుతుండొచ్చు. మొదటిసారి తిడితే విడిగా పిలిచి చెప్పండి, రెండోసారి వారంపాటు స్క్వాడ్‌లోకి తీసుకోకండి. అతన్ని ఉపేక్షిస్తే మీ మాట ఇంకెవరూ వినరు.

కొత్తగా చేరినవాడికి మొదటి కొన్ని మ్యాచ్‌లలో ఒక అనుభవజ్ఞుణ్ణి తోడివ్వండి. ఎక్కడ దిగాలో, ఎప్పుడు దాక్కోవాలో అతను ఓపిగ్గా చెప్పాలి. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలో ఇలాంటి మార్గదర్శకులకు పేరు పక్కన కిరీటం గుర్తే ఉంటుంది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆట 2012లోనే తోటి ఆటగాళ్లను మెచ్చుకునే ఏర్పాటు తెచ్చింది. మీరూ వారానికోసారి గ్రూపులో ఒకరిని అభినందించండి. ఎక్కువ కిల్స్ కొట్టినవాణ్ణి కాదు, పడిపోయినవాణ్ణి లేపడానికి తెగించి వెళ్లినవాణ్ణి.

మీ ప్రాంతంలో తెలుగు, దక్కనీ ఉర్దూ, మార్వాడీ అన్నీ వినిపిస్తాయి. మైక్‌లో ఒకే భాష సాగితే అది రానివాడు ఒంటరివాడవుతాడు. శత్రువు, మందు, వాహనం లాంటివాటికి అందరికీ తెలిసిన మాటలు అనుకోండి.

18 ఏళ్లలోపువాళ్లకు ఈ ఆటలో రోజుకు 3 గంటలే పరిమితి. మధ్యలో వెళ్లిపోయారని వాళ్లను నిందించకండి.

ఏటా సాధారణంగా జనవరి 1న నాంపల్లిలో నుమాయిష్ ప్రదర్శన మొదలవుతుంది. అందర్నీ అక్కడ కలపండి. ముఖం చూసిన మనిషిని మైక్‌లో బూతులు తిట్టడం కష్టం.