సగము నిండిన గాజుతొట్టిలో ఉప్పునీటి వడపోత

వైరా జలాశయమునగాని ఊరి చెరువునగాని వదలిన నీలకంఠ రొయ్య చక్కగా పెరుగునే, దాని సంతతి మాత్రము ఏల నిలువదని తల్లాడ ప్రాంతపు సభ్యులు మమ్ము పలుమార్లు అడిగియున్నారు. తల్లి మంచినీటిదే, గుడ్డునుండి వెలువడిన డింభకమునకు మాత్రము ఉప్పు కలిసిన నీరు కావలెను. అందుకే తల్లిరొయ్య నదివెంట దిగి సముద్రపు మొగకు పోవును. ఈ సంగతిని లింగ్ అను శాస్త్రజ్ఞుడు 1960ల ఆరంభమున మలయాలోని పెనాంగులో కనిపెట్టెను. మనకు మొగ లేదు గనుక, చూచి నేర్చుకొనుటకై గాజుతొట్టిలో దానిని కల్పించుకొనవలెను. ఇది వ్యాపారమునకు చాలునది కాదని ముందే చెప్పుచున్నాము.

మేము వాడిన తొట్టి పొడవు 3 అడుగులు, వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. నిండుగా 190 లీటర్లు పట్టును. సముద్రపు నీరు బందరువైపునుండి క్యానులలో రావలసియుండెను గనుక సగమే, అనగా 9 అంగుళముల లోతున 95 లీటర్లు నింపితిమి. సముద్రపు నీటిలో వేయింటికి 35 పాళ్లు ఉప్పుండును. డింభకములకు 12 పాళ్లు తగును. కావున 32 లీటర్ల సముద్రపు నీటికి 63 లీటర్ల బావినీరు కలిపితిమి. కల్లుప్పు కరగించిన చాలదా యని కొందరడిగిరి. చాలదు. సముద్రపు నీటిలోని సున్నపు, మెగ్నీషియపు లవణములు అందులో తగినంత ఉండవు.

ఇక వడపోత. అంగడిలో దొరకు పెట్టె తొట్టి అంచున వ్రేలాడునది. అది నిండు తొట్టికి చేయబడినది. సగము తొట్టిలో నీరు అంచునకు 9 అంగుళములు క్రిందనుండుటచే గొట్టము గాలి పట్టి మోటారు ఊరక తిరుగును. ఒకవేళ నీరెక్కినను, అంత ఎత్తునుండి పడు ధారకు రెండు మిల్లీమీటర్ల డింభకము నిలువజాలదు. గాలిబుడగలతో నీటిని అంచు దాటింపజూచుటయు దండుగయే. ఆ గొట్టము మూడు వంతులకు మించి మునిగియున్నగాని నీటిని బాగుగా లేపదు.

అందుచేత వడపోతను నీటిలోపలనే ఉంచవలెను. 7 అంగుళముల ఎత్తుగల ప్లాస్టికు డబ్బా తీసికొని, పైభాగపు ప్రక్కలకు రంధ్రములు చేసి, సన్నని నైలాను వస్త్రము చుట్టవలెను. లేనిచో డింభకములు లోనికి పోవును. అడుగున అంగుళము ఖాళీ విడిచి, చిల్లుల పలకపై 6 లీటర్ల ఆల్చిప్పల ముక్కలు కడిగి పోయవలెను. నడుమ ఒక గొట్టమును పలక క్రిందికి దింపి, దాని అడుగుకు గాలి అందింపవలెను. బుడగలతో నీరు గొట్టమున పైకి పోవును. ఆ చోటికి తొట్టినీరు చిప్పలగుండా దిగివచ్చును. ఎత్తవలసినది ఒక అంగుళమో, రెండో.

చిప్పలు మురికిని పట్టుటకే అనుకొనరాదు. వాటిపై పెరుగు సూక్ష్మజీవులే అసలు వడపోత. జీవులు విసర్జించు అమ్మోనియాను కొన్ని నైట్రైటుగాను, దానిని మరికొన్ని నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును విషములు. మూడవది మిక్కిలి తక్కువ హానికరము. ఈ పనిలో నీటి క్షారము తరుగుచుండును. చిప్పలలోని సున్నము దానిని కొంత పూరించును. గులకరాళ్లు వలదనుట అందుకే.

ఈ సూక్ష్మజీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టిలో డింభకములుండరాదు. వాటికి ఆహారముగా ముప్పాతిక గ్రాము శుద్ధమైన నవసాగరము వేయవలెను; కళాయివారి గడ్డ పనికిరాదు. చుక్కల మందుతో పరీక్షించిన, అమ్మోనియా తగ్గినకొలది నైట్రైటు పెరిగి, పిమ్మట అదియు తగ్గును. మరల ముప్పాతిక గ్రాము వేసినప్పుడు ఒక దినములో రెండును కానరాకపోయిన వడపోత సిద్ధమైనదన్నమాట.

ఇచ్చట మా తప్పు చెప్పుకొనవలసియున్నది. వడపోత సిద్ధమైన పిదప, డింభకములు వచ్చుటకు ముందుదినమున, శుభ్రముగా ఉండవలెనని చిప్పలను కుళాయినీట తోమి కడిగితిమి. నీరు స్ఫటికమువలె ఉండెను. మూడవనాటి ఉదయమునకు రెండువేల డింభకములు అడుగున తెల్లని దుమ్మువలె పడియుండెను. సభ్యులు తలా కొంత వేసికొని తెప్పించిన నీరది. కుళాయినీటి క్లోరిను సూక్ష్మజీవులను చంపెనని వారికి చెప్పుటకు మాకు నోరు రాలేదు, చెప్పితిమి. రెండవమారు చిప్పలను ముట్టక, నైలాను వస్త్రమును మాత్రము దినమునకొకమారు తొట్టినీటితోనే తుడిచితిమి.

లోతు తక్కువగుటచే మరియొక చిక్కు కలదు. ఎండకు నీరు పోవును గాని ఉప్పు పోదు. 9 అంగుళముల నీరు 8 అయిన, 12 పాళ్లు పదమూడున్నర అగును. గాజుపై గీత గీసి, తగ్గినమేరకు బావినీరు మాత్రమే పోయవలెను; ఉప్పునీరు పోయరాదు. నీటివేడి 28 నుండి 31 డిగ్రీలలోపల ఉండవలెను.

తల్లికి వేలకొలది గుడ్లుండును. అన్నియు ఉంచుకొనవలెనను ఆశ సహజమే గాని, ఇంత వడపోతకు లీటరునకు 20 డింభకములు చాలును. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో గాలి నడుపవలెను. గంటలకొలది గాలి ఆగిన చిప్పలపైనున్న సూక్ష్మజీవులును చచ్చును. పొదిగిన ఆర్టీమియా పిల్లలను మేపుగా వేసి, మిగిలినదానిని సాయంకాలమునకు తీసివేయవలెను. పదునొకండు దశలు దాటి, సుమారు నెలదినములకు అవి తలక్రిందుగా ఈదుట మాని అడుగున నడుచును. అప్పుడు కొంచెము కొంచెముగా బావినీరు కలిపి మంచినీటికి మరపి, చెరువులోనికి దింపవచ్చును.